ప్లగ్గు పీకినా కరిచే పెట్టె

శ్రీరామనవమి నాటి ఉదయం అప్పలనరసింహం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే తాను తయారుచేసిన పవర్ సప్లైని ఒకసారి పరీక్షించాలి. మధ్యాహ్నం దాన్ని ఆంప్లిఫయరుకు కలపాలి. సాయంత్రం రెంటినీ పందిట్లోకి చేర్చి, భార్య ప్రసూనాంబ వీణ ముందు మైకు పెట్టాలి. అంతే. పండగపూట ఊళ్లో దేవుళ్ల సంఖ్య పెంచే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు.

అతను చీపురుపల్లిలో ఒక బడి గుమాస్తా. బడి వదిలే గంట కొట్టేదాకా గుమాస్తా, కొట్టిన మరుక్షణం నుంచి రేడియో మనిషి. దారిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, టెలిగ్రాఫ్ తీగల్లో గాలి చేసే చప్పుడు వింటూ నిలబడిపోయేవాడు. వెనక ఎడ్లబండి వాళ్లు అరిచి అరిచి, చివరికి బండినే పక్కనుంచి తోలుకుపోయేవారు. వంకాయలు తెమ్మని పంపితే సంచీ ఒక్కటే ఇంటికొచ్చిన రోజులున్నాయి, సంచీ కూడా రాని రోజులున్నాయి. అయినా అతని మీద ఎవరికీ కోపం నిలిచేది కాదు. కోప్పడుతున్న సంగతి అతనికి తెలిసేలోపు వాళ్లకే విసుగొచ్చేది.

ప్రసూనాంబది విజయనగరంలో తరతరాలుగా వీణ నేర్పుతున్న ఇల్లు. ఆమె మీటు మెత్తన. పక్కన కూర్చుని వింటే ప్రాణం లేచొస్తుంది, పది బారల దూరం పోతే ఏమీ వినబడదు. కిందటేడు ఇదే నవమి పందిట్లో ఆమె కచేరీ ముగించి లేచేసరికి వెనక వరసలోంచి సోములు అనే రైతు, "ఇంకా సుతే సేస్తన్నాదేటి? పాటెప్పుడెడతాది?" అని అడిగాడు. వెటకారం కాదు, అంతసేపూ ఆమె శ్రుతి సవరించుకుంటోందనే పాపం నిజంగా అనుకున్నాడు. అందుకే అది బాగా గుచ్చుకుంది. ప్రసూనాంబ ఇంటికొచ్చి వీణ మీద గుడ్డ కప్పింది. చాలాకాలం తియ్యలేదు.

"వచ్చే నవమికి చిట్టచివర కూర్చున్నవాడికి కూడా నీ గోటి చప్పుడు వినబడేలా చేస్తాను. నా మాట నమ్ము," అని అప్పలనరసింహం మాటిచ్చాడు. ఆ మాట మీదే ఆమె మళ్లీ వీణ ముట్టింది. ఈసారి కూడా వినబడకపోతే ఇక జన్మలో పందిరెక్కదని అతనికి తెలుసు. పందిరి పెద్ద జగన్నాధం నాయుడు విజయనగరం నుంచి మైకుసెట్టు అద్దెకు తెప్పిస్తానంటే, "ఎందుకండీ, నేను చేస్తున్నానుగా," అని వారించింది కూడా అతనే.

పవర్ సప్లై అంటే కిరసనాయిలు డబ్బా రేకుతో చేసిన పెట్టె. అందులో ఒక పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరు, ఒక వాల్వు, రెండు లావుపాటి కండెన్సర్లు. గోడలోంచి వచ్చే కరెంటును ఆంప్లిఫయరు తినడానికి వీలుగా వండి వడ్డించడం దాని పని. ఇందులో కండెన్సరుది మాత్రం విచిత్రమైన స్వభావం. ప్లగ్గు పీకేసినా అది కరెంటును కడుపులో దాచుకుంటుంది. తగువు తీరిపోయి అందరూ భోజనాలకు లేచాక కూడా కోపం దాచుకునే ఆడబడుచు లాంటిది. ఎవరో ఒకరు ముట్టుకునేదాకా ఆ కోపం పోదు. అది తనంతట తనే ఖాళీ అయ్యేలా ఒక రెసిస్టరు అడ్డంగా పెట్టాలని అప్పలనరసింహానికి తెలుసు. రేపు పెడదామనుకున్నాడు. అంతవరకు ప్లగ్గు పీకినప్పుడల్లా స్క్రూడ్రైవరుతో దాని చివరను రేకుకు కలిపి, టప్పుమనిపించి ఖాళీ చేస్తున్నాడు.

ఆ ఉదయం వసారాలో బల్ల మీద పెట్టెను బోర్లించి ప్లగ్గు పెట్టాడు. వాల్వులో సన్నని తీగ మెల్లగా ఎర్రబడింది. ఇక ఆ వెలుగు చూస్తూ కూర్చున్నాడు. అందులో పందిరి కనబడింది. వీణ స్వరాలు తాటాకుల సందుల్లోంచి పైకిలేచి, రైలుకట్ట దాటి, అవతల మామిడితోటల్లోకి పోతున్నాయి. తోటలో కాపలావాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. స్టేషన్లో గార్డు పచ్చజెండా ఎత్తబోయి, పాట అయ్యేదాకా ఎత్తడం భావ్యం కాదని చంకలో పెట్టుకున్నాడు. అప్పలనరసింహం చిరునవ్వుతో ప్లగ్గు పీకాడు. అదే చిరునవ్వుతో తువ్వాలు భుజాన వేసుకుని నూతి దగ్గరికి స్నానానికి పోయాడు. కండెన్సర్ల సంగతి కలలో లేదు.

అతని తల్లి లక్ష్మీనరసమ్మ ఈ అదను కోసమే కనిపెట్టుకుని ఉంది. కొత్త వస్తువేదైనా సరే, పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఆమె గడప దాటనివ్వదు. కొడుకు ఆమెకు ముందే గట్టిగా చెప్పాడు. ప్లగ్గు గోడలో ఉంటే దాని దరికి రావద్దు, పీకేస్తే మాత్రం అది ఒట్టి రేకుడబ్బా అని. ఆమె గోడవైపు చూసింది. ప్లగ్గు నేలమీద ఉంది. నీళ్లలో కలిపిన పసుపు, కుంకుమ భరిణె పట్టుకుని, మెట్టు మీద పాలు పోస్తున్న దేముడమ్మతో తగువు ఆపకుండానే బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమే దేముడమ్మా, ఈ పాలు గేదె ఇచ్చిందా, నుయ్యి ఇచ్చిందా?"

"ఓలమ్మ! అంత మాటనేస్తారేటి అమ్మగారూ! సుక్క నీరు కలిపితే నా కల్లు పోతాయి. పండగపూట ఒట్టేసి సెప్తన్నాను."

"నీ ఒట్లు తోడు పెడితే పెరుగవుతుందా? రోజూ నీళ్లే పోస్తున్నావు. నేనేమైనా అబద్ధమాడుతున్నానా?" అంటూ లక్ష్మీనరసమ్మ పసుపుగిన్నె మోచేతి మడతలో ఇరికించుకుని, ఎడమచేత్తో రేకు అంచు పట్టుకుని, కుడిచేతి తడివేలితో బొట్టు పెట్టబోయింది. ఆ పెట్టె మొత్తానికి మొహంలా కనబడింది కండెన్సరు చివర మెరుస్తున్న టంకం చుక్క ఒక్కటే. అక్కడే పెట్టింది.

పసుపుగిన్నె దూలానికి తగిలింది. లక్ష్మీనరసమ్మ వెనక్కి తూలి వడ్లబస్తా మీద కూలబడింది. "కరిచింది! అమ్మో, పెట్టె కరిచిందే!"

దేముడమ్మ పాలచెంబు వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆమెను పట్టుకుని, బాగానే ఉందని తెలుసుకుని, తర్వాత ప్లగ్గువైపు చూసింది. "కరెంటెట్టనేదు కదా అమ్మగారూ! ఏటి కరుస్తాది?" అని అనుమానంగా పెట్టె మీద ఒక వేలు పెట్టింది. ఏమీ కాలేదు. ఆమె పెట్టినట్టే రెండు చేతులూ పెట్టింది. ఏమీ కాలేదు. కండెన్సరు ఉన్నదంతా లక్ష్మీనరసమ్మకే ఇచ్చేసింది, దేముడమ్మకంటూ ఏమీ మిగల్చలేదు. దేముడమ్మ మొహం మెల్లగా వికసించింది.

"సూసినారా? నాను ఒట్టేసినాను, నన్నేటీ సెయ్యనేదు. మీరు నా మీద నిందేసినారు, మిమ్మల్ని కరిసీసింది. నిజం తెల్సిన పెట్టి ఇది!"

నూతి దగ్గర్నుంచి నీళ్లు కారుతూ అప్పలనరసింహం పరుగెత్తుకొచ్చాడు. తల్లి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ మడిచి చూశాడు. తన మతిమరపు ఎంత పని చేసేదో తలుచుకుని, మళ్లీ మొదటి వేలి నుంచి చూశాడు. "తప్పు పెట్టెది కాదమ్మా, నాది. ప్లగ్గు పీకినా లోపల కొంత కరెంటు ఉండిపోతుంది."

"పీకేస్తే ఒట్టి రేకుడబ్బా అన్నావు కదరా?"

"అన్నాను."

"మరి అబద్ధం నువ్వాడితే నన్నెందుకు కరిచింది?"

లక్ష్మీనరసమ్మ ఆలోచనలో పడింది. తాను రోజూ నీళ్లే పోస్తున్నావనడం నిజమే, కానీ ఏకాదశి నాటి పాలు చిక్కగానే ఉన్నాయి కదా, ఆ ముక్క తాను దాచింది కదా అని ఆమె మనసు పీకడం మొదలుపెట్టింది. దేముడమ్మ అప్పటికే వీధిలోకి పోయింది. పాలకంటే ముందు వార్త పోసుకుంటూ వెళ్లింది.

కండెన్సరు దెబ్బతిన్నదేమోనని అప్పలనరసింహం మళ్లీ ప్లగ్గు పెట్టి చూశాడు. వాల్వు వెలిగింది. హమ్మయ్య అనుకుని పీకాడు. ఈసారి అతనికి బాగా గుర్తుంది, ముందు ఖాళీ చెయ్యాలి. స్క్రూడ్రైవరు కోసం చూస్తే లేదు. పానకానికి బెల్లం కొట్టడానికి తల్లి తీసుకుపోయింది. వసారాలో అప్పటికే జనం పోగయ్యారు. "ఎవరూ ముట్టుకోవద్దు! ఇప్పుడే వస్తాను," అని అరిచి అతను వంటింట్లోకి పరుగెత్తాడు. ముట్టుకోవద్దని చెప్పి వస్తువును జనంలో వదిలి వెళ్లకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ జనంలో జగన్నాధం నాయుడు ఉన్నాడు, అతని బావమరిది సోములు ఉన్నాడు. నాయుడి నువ్వుచేను ఎవరి పశువో మేసేసింది. సోములు గేదే మేసిందని నాయుడు, కాదని సోములు, మాఘమాసం నుంచి పట్టుదల మీద ఉన్నారు. ఆ వైపు ఊళ్లలో సాక్ష్యం లేని తగువు అమ్మవారి గుళ్లో దీపం ముట్టి చెప్పడంతో తేలుతుంది. ఇద్దరూ రేపు మాపు అంటూ గుడికి పోవడం లేదు.

"గుడిదాకా ఎందుకు బావా? ఇక్కడే తేల్చీసుకుందుం," అన్నాడు సోములు.

"తేల్చీసుకుందుం. ఎల్లు, ముట్టు."

"పెద్దోడివి. నీకన్నా ముందు నాను సెయ్యెడతానేటి?"

మర్యాదకు మర్యాద. నాయుడు కండువా నడుముకు చుట్టి ముందుకు వచ్చాడు. ఎక్కడ ముట్టాలో దేముడమ్మ పూజారిణిలా చూపించింది. "ఈ సెయ్యి రేకు మీద బుగతా. ఆ సెయ్యి మెరుస్తన్న సోట."

"నా సేను మేసింది సోములుగోడి గేదే," అని నాయుడు గట్టిగా చెప్పి ముట్టాడు.

తలపాగా ఒకవైపు, నాయుడు ఒకవైపు పోయారు. జనం గొల్లుమన్నారు. వెంటనే సోములు వచ్చి, "నా గేదె ఆ సేనెరగదు," అని రెండు చేతులూ పెట్టాడు. పెట్టె కిక్కురుమనలేదు. అతను ధైర్యంగా దాన్ని దువ్వాడు కూడా.

నాయుడు దుమ్ము దులుపుకుని లేచాడు. వేళ్లు ఇంకా జివ్వుమంటున్నాయి. పెద్దమనిషి. పదిమంది ఎదుట అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒరే సోములూ, సెమించు. ఆ సేను మేసింది మా యెర్ర పెయ్యిరా. ఒకనాడు తెల్లారగట్ల అది మల్లీ సేలో దిగడం నా కల్లతో సూసినాను. నీతో తగువేసుకున్నాక తెలిసింది, సెప్పడానికి సిగ్గేసింది."

సోములు వచ్చి బావను కావలించుకున్నాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఇక పెట్టె సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ సమయానికి బెల్లం అంటుకున్న స్క్రూడ్రైవరుతో అప్పలనరసింహం వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఇందులో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు నాయుడుగారూ. ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్లకు తగులుతుంది. రెండోవాళ్లకు తగలదు. కావాలంటే చూడండి," అని ప్లగ్గు పెట్టాడు, పీకాడు, స్క్రూడ్రైవరుతో కండెన్సరు చివరను రేకుకు ఆనించాడు. టప్పుమని పెద్ద చప్పుడు, నీలిరంగు మెరుపు. "ఇదిగో, ఖాళీ అయిపోయింది. చూశారా?"

వాళ్లు చూశారు. చేసినవాడే ఇనపకర్రతో కొట్టడం చూశారు, పెట్టె నిప్పు కక్కడం చూశారు. "అపచారం, అపచారం!" అంటూ లక్ష్మీనరసమ్మ లోపలినుంచి బిందెడు పసుపునీళ్లు తెచ్చి, శాంతించు తల్లీ అని పెట్టె మీద కుమ్మరించింది. అతను చెయ్యి అడ్డం పెట్టేలోపు దేముడమ్మ రెండో బిందె అందించింది. అందులో పాలు కూడా కొన్ని ఉన్నట్టున్నాయి.

ట్రాన్స్‌ఫార్మరు చుట్ల సందుల్లోంచి పసుపునీళ్లు కారుతుంటే అప్పలనరసింహం చూస్తూ నిలబడ్డాడు. అది ఆరడానికి ఎన్ని ఎండలు కావాలో అతనికి తెలుసు. తడిలో దానికి ప్లగ్గు పెడితే ఈసారి కరవడం కాదు, మింగడమే. పవర్ సప్లై లేని ఆంప్లిఫయరు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. అద్దె మైకుసెట్టు లేదు. వద్దన్నది తనే. నాయుడు మాత్రం పెట్టెను పూలదండ వేసి తలమీద పెట్టుకున్నాడు. "రాములోరి పక్కనెడతాం. దీనికి తీగా గీగా తగిలించీరంటే ఊరుకోను," అని డప్పులతో పందిట్లోకి ఊరేగించుకుపోయాడు.

లోపలి గదిలో ప్రసూనాంబ తీగలు సవరించుకుంటోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పక తప్పదు.

"మైకు లేదు ప్రసూనా."

ఆమె తలెత్తలేదు. "డప్పులు విన్నాను."

"నా వల్లే. పొద్దున ఒక్క క్షణం గుర్తుండి ఉంటే..."

"ఆ క్షణంలో ఏం చూస్తున్నారు?"

"నీ పాట మామిడితోటల దాకా పోవడం."

ఒక తీగను బిగించింది, వదులు చేసింది. "సరే లెండి. ముందు వరసకైనా వినబడుతుంది," అని అటు తిరిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అతను అనుకున్నాడు. పెళ్లయినప్పటినుంచి అతను మరిచిపోయినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

సాయంత్రం ఎండ పల్చబడింది. వేపపూత వాసనతో గాలి తిరిగింది. తాటాకు పందిట్లో సీతారాముల పటం పక్కన పీట మీద పెట్టె కూర్చుంది. బొట్లు పెట్టుకుని, దండ వేసుకుని, ఇంకా చెమ్మగానే ఉంది. ఊరంతా వచ్చింది. మామూలుగా ఈ వేళకు పందిరి సంతలా ఉంటుంది. వేరుశనక్కాయలు ఒలిచేవాళ్లు, పంటల సంగతులు చెప్పుకునేవాళ్లు, పానకం రెండోసారి అడిగేవాళ్లు, మొదటిసారి అందలేదని ప్రమాణం చేసేవాళ్లు. ఈసారి లోపలికి వస్తూనే అందరి కళ్లూ పీట మీద పడ్డాయి, అందరి నోళ్లూ మూతపడ్డాయి. నోరు తెరిస్తే ఏదో ఒక అబద్ధం దొర్లుతుందని ఎవరి సంగతి వాళ్లకు తెలుసు. ఒకాయన అలవాటు కొద్దీ పక్కవాడితో, "మాకీ ఏడు గింజ పండనేదు..." అని మొదలుపెట్టి, పెట్టెవైపు చూసి, "కొంత పండింది," అని సర్దుకుని, ఇక ఆ తర్వాత మాట్లాడలేదు. దగ్గు వచ్చినవాళ్లు బయటికి పోయి దగ్గి వచ్చారు. చంటిపిల్లలు పెద్దవాళ్ల మొహాలు చూసి, ఏదో జరిగిందనుకుని, ఏడుపు మానేశారు.

అప్పలనరసింహం కావాలనే చిట్టచివరి వరసలో, సోములు పక్కన, పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. శిక్ష దగ్గరుండి అనుభవించాలని అతని ఉద్దేశం. కళ్లు మూసుకున్నాడు.

ప్రసూనాంబ మీటింది.

ముందు అతను తాను ఊహించుకుంటున్నాననుకున్నాడు. అలాంటివి అతనికి మామూలే. కానీ గోరు తీగను తాకిన సన్నని చప్పుడు, దాని వెనక స్వరం, స్వరం చివర వణుకు, ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చి చెవిలో పడ్డాయి. కళ్లు తెరిచాడు. కల కాదు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంది. ఆ నిశ్శబ్దంలో కల్యాణి రాగం పందిరంతా నీళ్లలా మెల్లగా నిండుతోంది. ఆమె కూడా గమనించింది. రెండో మీటుకే తలెత్తి చూసింది. ఎవరూ కదలడం లేదు. అంతవరకు బిడియంగా ముడుచుకున్న భుజాలు సడలాయి. తర్వాత ఆమె జనాన్ని చూడలేదు. వేళ్లు ఎటు పోతే అటు పోయింది. తాటాకుల మధ్య ఆకాశం ఊదారంగు తిరిగింది, దీపాలు పెట్టినవాళ్లు కూడా చప్పుడు చెయ్యకుండా పెట్టారు. అప్పలనరసింహానికి కళ్లు మసకబారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. తాను ఇన్నాళ్లూ వాల్వులతో, కండెన్సర్లతో పెద్దది చెయ్యాలనుకున్నది మొదటినుంచీ చాలినంత పెద్దదేనని అతనికి అప్పుడు తెలిసింది.

కచేరీ అయ్యాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. చివరికి నాయుడే లేచి దణ్ణం పెట్టాడు. అది ముందు వీణకు పెట్టాడు, పెట్టెకు తర్వాత పెట్టాడు. ప్రసూనాంబ వీణ దించి వెనక్కి నడిచి వచ్చింది. ఆ మొహం చూసి అప్పలనరసింహం లేచి నిలబడ్డాడు.

సోములు కండువాతో కళ్లు తుడుచుకుని అతని భుజం మీద చరిచాడు. "ఏటి సేసినావు గుమస్తా బాబూ మైకు! ఇంత ఎనకున్నాను, నా పక్కనే కూకుని వాయించినట్టున్నాది. మైకంటే అదీ!"

"మైకు లేదు సోములూ. ఆ పెట్టెకు అసలు తీగే తగిలించలేదు. మీరంతా మాట్లాడకుండా..."

ప్రసూనాంబ అతని కాలు తొక్కింది. "ఊరుకోండి," అంది గొంతు తగ్గించి. "సంగతి తెలిస్తే వచ్చే ఏడు మళ్లీ వేరుశనక్కాయలు తెచ్చుకుంటారు."

సోములు నొసలు ముడిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మైకు నేదా? అలగైతే రా బాబూ, ఆ పెట్టి ముట్టుకుని సెప్పు."

అప్పలనరసింహం చేతులు వెనక్కి కట్టుకుని, మైకు బాగానే పనిచేసిందని ఒప్పుకున్నాడు.